కొబ్బరినూనె పూసిన ఎరలు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను ఖతార్‌కి తీసుకెళ్ళిన, గేలానికి కట్టే బొచ్చు ఎరల్లో తెల్లవి మేకబొచ్చువే. నల్లవి మాత్రం మేకవి కావు. అవి నా జుట్టుతో కట్టాను.

నిరుడు విషజ్వరం తగ్గాక నా జుట్టు గుప్పిళ్ళుగా ఊడింది. దువ్వెనలో వచ్చిన జుట్టుని వేలికి చుట్టి, తూ తూ అని ఉమ్మి, ఎవరూ తొక్కని చోట పెట్టమంటుంది అమ్మ. మాది ప్రార్థనలు చేసుకునే ఇల్లే. అయినా ఊడిన జుట్టు పరాయివాళ్ళ చేతిలో పడకూడదన్న భయం మాత్రం ఇంకా పోలేదు. మా వీధిలో సవరాలవాడికిచ్చి స్టీలు గిన్నె తీసుకునేవాళ్ళూ ఉన్నారు. నేను అదీ చెయ్యలేదు, ఇదీ చెయ్యలేదు. ఒక కవర్లో వేసి అలమారలో పుస్తకాల వెనక దాచుకున్నాను. నాలోంచి పోతున్నదాన్ని పారెయ్యబుద్ధి కాలేదు, అంతే.

మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ లేసు అల్లుతుంది, నాకూ వచ్చు. అక్కా బావా ఖతార్‌లో అల్ వుకైర్‌లో ఉంటారు. బావ బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోడౌన్ సూపర్‌వైజరు. శుక్రవారం వస్తే గేలపు కర్ర పట్టుకుని సముద్రం దగ్గరికి పోయేవారు. ఒకసారి అంగట్లో చూసిన విదేశీ బొచ్చు ఎర ఫోటో పంపి, "మన చిట్టి అయితే దీన్ని లేసు సూదితో కట్టేస్తుంది" అని అక్కతో వేళాకోళం ఆడారు. నేను నలుగురిలో నోరు విప్పే రకం కాదు. మాట్లాడకుండా కట్టి చూపించాను. కసాయి దుకాణం నుంచి మేకతోకలు, పక్కింటి పుంజు మెడ ఈకలు, అమ్మ లేసు దారం, ముడి ఊడకుండా పైన గోళ్ళరంగు. అలా మొదలైంది.

మొన్న వేసవిలో బావ ట్రైలర్ మీంచి జారి కుడిభుజం మీద పడ్డారు. ఎముక అతికింది గాని చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదు. ఇంక ఇంతేనన్నారట డాక్టరు. అప్పట్నుంచి ఆయన సముద్రం వైపు వెళ్ళలేదు. కర్రలన్నీ తనతో పనిచేసే జున్ అనే ఫిలిప్పీన్స్ అతనికి ఇచ్చేస్తానన్నారు. అక్క నాకు ఫోన్ చేసింది.

"నాకు చేపలేం అక్కర్లేదే. బజార్లో కొనుక్కుంటాను. శుక్రవారం పూట మనిషి మనిషిలా ఉండేవారు, అది పోయింది. నువ్వు కట్టేవి పట్టుకుని ఒకసారి రా. కర్రలు ఇచ్చేసేలోగా రా."

అందుకని వెళ్ళాను. వెళ్ళొచ్చి ఇప్పుడు డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

దోహా విమానాశ్రయం

దిగేసరికి మెడ పట్టేసింది. విమానంలో చదువుదామని తెచ్చుకున్న పుస్తకం మొదటి పేజీ దాటలేదు. పక్క సీటు ఆవిడ కడపవైపు మనిషి, ఇళ్ళల్లో పనికి తిరిగి వెళుతోంది. దారంతా నిద్రపోయింది, నా భుజం మీద. కదిలితే లేస్తుందేమోనని నేను కదల్లేదు.

బయటికొచ్చే చోట పెట్టెలు మళ్ళీ మిషన్లోంచి పోతాయి. నా పెట్టె ఆగిపోయింది. నల్ల బురఖా, చేతులకి గ్లవ్స్ వేసుకున్న ఆఫీసరమ్మ తెరవమంది. ఆవకాయ సీసా పక్కన పెట్టింది. బిస్కట్ డబ్బా మూత తీసింది. లోపల తెలుపూ నలుపూ బొచ్చు, కోడి ఈకలు, ఒక్కో ఎర అడుగున థర్మోకోల్ ముక్కకి గుచ్చిన పెద్ద పెద్ద గేలపు ముళ్ళు. ఆవిడ వెనక్కి జరిగింది. ఇంకొకావిడని పిలిచింది. ఇద్దరూ అరబ్బీలో ఏదో అనుకున్నారు. నాకు ఇంగ్లీషు వచ్చు, డిగ్రీ అదే మీడియంలో చదివాను. ఆ క్షణంలో మాత్రం చేత్తో గేలం విసిరినట్టు చేసి, నోరు తెరిచి మూసి చేపలా చూపించాను.

రెండో ఆవిడ నవ్వింది. ఒక తెల్లదాన్ని తీసి తన వేళ్ళతో పిల్లి వీపు నిమిరినట్టు నిమిరింది. "ఫిష్ లైక్ దిస్?" అంది.

"ఐ డోంట్ నో" అన్నాను. అదే నిజం.

బయట అక్క నిలబడి ఉంది. పక్కన మల్లేశన్న. జగిత్యాల వైపు మనిషి, ఒక ఖతారీ ఇంట్లో హౌస్ డ్రైవరు. సముద్రపు బండల మీద బావకి స్నేహితుడయ్యాడు. మధ్యాహ్నం పూట వాళ్ళ సార్ నిద్రపోయే వేళ చూసుకుని, అడిగి బండి తెచ్చాడు. బావ రాలేదు.

"అన్న రాలె. పండుకున్నడు" అన్నాడు మల్లేశన్న నా పెట్టె లాక్కుంటూ. "చెల్లె, గిది దుబాయ్ కాదు, యాదికుంచుకో. మా అమ్మకు పదేండ్లసంది చెప్తున్న. ఇంకా ఎవలడిగినా మా కొడుకు దుబాయ్‌లున్నడనే చెప్తది."

అల్ వుకైర్

కొత్త ఇళ్ళు, మధ్యలో ఖాళీ ఇసుక, మళ్ళీ కొత్త ఇళ్ళు. మా పల్లెలో రెండిళ్ళ మధ్య ఖాళీ ఉంటే అందులో ఎవరో ఒకరి బీరపాదు ఉంటుంది. ఇక్కడ ఏసీల చప్పుడు ఉంది.

బావ లేచి కూర్చుని ఉన్నారు. చిక్కారు. "వచ్చేవా చిట్టీ" అన్నారు. ఎప్పుడూ నన్ను చూడగానే ఏదో ఒకటని ఏడిపించే మనిషి. ఆ మాటతో ఆగిపోయారు. అన్నం ఎడమచేత్తో, చెంచాతో తింటున్నారు. నేను వంజరం పులుసు వైపు చూస్తూ తిన్నాను. ఆయన చెయ్యి చూడకుండా ఉండటానికి.

కర్రలు హాల్లో తెర వెనక మూలకి నిలబెట్టి ఉన్నాయి. అక్క తెర జరిపింది. పొడుగువి రెండు, పొట్టిది ఒకటి.

"శనివారం డ్యూటీ అయ్యాక జున్ వచ్చి పట్టుకెళతాడు" అన్నారు బావ.

అక్క నా వైపు చూసింది. డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆయన ఒకదాన్ని తోకపట్టి ఎత్తారు.

"ఏంటే ఇవి, ఎలక పిల్లల్లా ఉన్నాయి. ఇది ఫ్లై అమ్మా, ఈగలాంటి తేలిక ఎర. దీనికి కర్ర వేరు. ఆ కర్రకి దారమే బరువు, ఎరకి బరువుండదు. దారాన్ని విసిరితే ఎర దానెంట పోద్ది. నా పొట్టికర్ర బాస్ కర్ర. అమెరికా చెరువుల్లో బాస్ అని చేప ఉంటది, చూడ్డానికి మన పండుగప్పలా. దాని కోసం చేసింది. దీనికి ఎర బరువుండాలి. ఎర పోతే దారం దానెంట పోద్ది. అటుదిటూ ఇటుదటూ పెడితే రెండూ పనిచెయ్యవు."

చెప్పాల్సింది నా దగ్గర ఉంది. ఊర్లో అద్దం ముందు నిలబడి చెప్పుకుని చూసుకున్నాను కూడా. తలంటుకున్నాక తడిజడ ఎంత బరువుంటుందో ఆడవాళ్ళకి తెలుసు. మెడని వెనక్కి లాగుతుంది. బొచ్చు ఎర కూడా పొడిగా ఉన్నప్పుడే తేలిక. నీళ్ళు తాగితే బరువెక్కుతుంది. ఆ నీటి బరువే బాస్ కర్రకి చాలు. పైగా చెక్క ఎరలకీ ప్లాస్టిక్ ఎరలకీ కదలిక రావాలంటే చేత్తో ఎడాపెడా గుంజాలి, భుజం కావాలి. బొచ్చు నీళ్ళలో ఊరికే ఉన్నా కదులుతుంది. ఊపిరి తీసుకున్నట్టు.

ఇంత చెప్పాలి. "తడిస్తే బరువవుతుంది బావగారూ" అని మాత్రం అనగలిగాను.

ఆయన దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టారు. "అలాగే. గురువారం చూద్దాం. నీ ముచ్చట ఎందుకు కాదనాలి" అన్నారు. ముచ్చట నాది అన్నారు.

అల్ వక్రా

గురువారం సాయంత్రం ఎండ ఉండగానే వెళ్ళాం. సముద్రం పక్కన పాతకాలం ఇళ్ళలా కట్టిన బజారు, ముందు ఇసుక. ఇసుకలో ఒక ఖతారీ కుటుంబం తివాచీ పరచుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటోంది. ఆ పక్కనే ఉన్న మాకు, అడక్కుండానే, వాళ్ళమ్మాయి ఒక పళ్ళెంలో ఖర్జూరాలు తెచ్చిపెట్టి వెళ్ళింది. మా దగ్గర పరాయివాళ్ళకి పెట్టేముందు ఎవరమ్మాయివని అడుగుతారు. ఇక్కడ అడగలేదు. ఖాళీ పళ్ళెం తిరిగివ్వకూడదని అక్క అందులో మా అరటికాయ చిప్స్ పోసి పంపింది. రియాలుకి దొరికే చాయ్‌ని ఇక్కడ కరక్ అంటారు. చిక్కగా, యాలకుల వాసనతో ఉంటుంది. ఆ రోజుకి నాకు అదొక్కటే ఒంట్లోకి దిగినట్టనిపించింది.

రేవు పక్క బండల మీద మల్లేశన్న అప్పటికే ఉన్నాడు. అతనికి కర్రా లేదు, రీలూ లేదు. చేతికి చుట్టుకున్న దారం, రొయ్య ముక్క. పక్కన బకెట్లో రెండు చేపలు.

బావ కర్ర నా చేతికిచ్చారు. "నువ్వెయ్యి. నా వల్ల కాదు." బాస్ రీలు కర్ర పైన కూర్చుంటుంది. విసిరేటప్పుడు బొటనవేలు దాని మీదే ఉండాలి. ఎర నెమ్మదిస్తే వేలితో ఆపాలి, లేకపోతే రీలు తిరుగుతూనే ఉండి దారమంతా లోపలే చిక్కుపడుతుంది. చెప్పారు. విన్నాను. తెల్ల ఎరని నీళ్ళలో ముంచి, విసిరాను.

ఎర నా ముందే పడింది. రీల్లో దారం కాకిగూడైంది.

బండల మీద కూర్చున్నవాళ్ళందరూ ఇటు చూస్తున్నారని వీపుకి తెలుస్తోంది. నా సంచిలో లేసు సూది ఎప్పుడూ ఉంటుంది. దాని కొక్కెంతో ఒక్కో ఉచ్చే పైకి లాగి చిక్కు తీశాను. ఆ ఒక్క పనీ సరిగ్గా చేశాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ విసిరాను. మళ్ళీ అంతే. మూడోసారి కాస్త దూరం పడింది. కాని మునగలేదు. బాతుపిల్లలా పైనే తేలుతూ, అల వస్తే అటూ ఇటూ ఊగుతూ కూర్చుంది.

"నీళ్ళు తాగితే బరువవుద్దన్నావ్. అది తాగుతున్నట్టు లేదే" అన్నారు బావ.

మల్లేశన్న దగ్గరికొచ్చి ఎర చుట్టూ నీళ్ళ వైపు చూశాడు. "అన్నా, గీడ రంగులు రంగులు తేలుతున్నయేంది? ఏ బోటు పోలే గదా."

బావ ఎరని దగ్గరికి లాగమన్నారు. చేతిలోకి తీసుకుని పిండారు. చుక్క నీరు రాలేదు. వాసన చూశారు. నా వైపు చూశారు. మళ్ళీ వాసన చూశారు.

"చిట్టీ. కొబ్బరినూనా ఇది?"

అవునన్నాను. ప్రయాణానికి ముందు తలకి నూనె పెట్టుకోకుండా మా ఇంట్లో ఎవరూ గుమ్మం దాటరు. ఎరలన్నిటినీ కుంకుడురసంతో కడిగి, ఆరబెట్టి, విమానంలో ఏసీకి బొచ్చు బిరుసెక్కకుండా ఒక్కోదానికీ బాగా పట్టించి మర్దన చేశాను. తర్వాత దువ్వాను కూడా.

అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బావ ముందు ఆపుకున్నారు. తర్వాత ఆగలేకపోయారు. "అయ్యబాబోయ్, సముద్రానికి తలంటుపోద్దామని వచ్చిందే మీ చెల్లెలు" అని నవ్వుతూ, నవ్వుతుంటే భుజం నొప్పెట్టి ఎడమచేత్తో పట్టుకుని, పట్టుకుని మళ్ళీ నవ్వారు. బండల మీద జనానికి ఏం అర్థమైందో, వాళ్ళూ నవ్వారు. నేను భూమిలోకి పోతే బాగుండుననుకున్నాను. కాని ఊరునుంచి వచ్చాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు. అందుకని అక్కడే నిలబడ్డాను.

తిరిగొస్తుంటే బండిలో ఆయన నెమ్మదిగా అన్నారు. "బాగా కట్టావు చిట్టీ, పనితనం బాగుంది. ఇవి కూడా జున్‌కి ఇచ్చేద్దాం. వాడు ఫ్లై కర్ర కొంటాడంట."

అక్క డబ్బా మూత గట్టిగా నొక్కి తన ఒళ్ళో పెట్టుకుంది.

అక్కావాళ్ళ వంటగది

ఇంటికి రాగానే బావ పడుకున్నారు. అక్క సింకులో వేడినీళ్ళు వదిలింది. ఇద్దరం పక్కపక్కన నిలబడి, అంట్లు తోమే సబ్బుతో ఎరలకి తలంటు పోశాం. ముళ్ళు గుచ్చుకోకుండా ఒక్కోదాన్నీ జాగ్రత్తగా. జిడ్డు వదల్లేదు. శనగపిండి పట్టించాం. నిమ్మచెక్కతో రుద్దాం.

"మీ బావ ఆవకాయలో పోసుకునే నూనె కూడా ఇంత జిడ్డుండదే" అంది అక్క. చివరికి వదిలింది. పేలదువ్వెనతో చిక్కు తీసి ఒకదాన్ని గిన్నెలో వేస్తే, ముందు ఆగి, తర్వాత నీళ్ళు పీల్చి నెమ్మదిగా అడుక్కి దిగింది. బయటికి తీస్తే చేతికి బరువుగా వేలాడింది. అక్కా నేనూ ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

నల్లవాటిని నేనే కడుగుతానన్నాను. అక్క పక్కకి జరిగింది. నలుపు ఎక్కువ జారుతోంది, మేకబొచ్చులా బిరుసుగా లేదు. కుళాయి కింద అది సాగి, నా మణికట్టుకి చుట్టుకుంది. జ్వరం రోజులు గుర్తొచ్చాయి. బాగా అలసిపోయి ఉన్నాను. సింకు పక్కనే స్టూలు మీద కూర్చుండిపోయాను.

"ఎలా వేస్తారే ఇప్పుడు? బరువైతే అయింది. ఆయన చెయ్యి ఎత్తలేరు కదా" అంది అక్క.

తడి ఎరని దారంతో పట్టుకుని ఆలోచిస్తూ ఊపుతున్నాను. అక్క చూస్తూ ఉంది.

"ఇంకా ఊపు" అంది. "ఉయ్యాల్లా. పైనుంచి ఎందుకు విసరాలే? కింద నుంచి ఊపి వదిలితే పోదూ?"

వంటగదిలోంచి హాల్లోకి వదిలాను. సోఫా కింద పడింది.

పడుకున్నారనుకున్న బావ గదిలోంచి అన్నారు. "దాన్ని పిచింగ్ అంటారు. చెరువుల్లో, గడ్డి పక్కన వేస్తారు. దగ్గరికే పోద్ది. సముద్రంలో ఎవడూ అలా వెయ్యడు." మళ్ళీ, "సోఫా చిరిగితే మీ అక్క ఊరుకోదు" అన్నారు.

అల్ ఖోర్ దారి

దగ్గరికే పోతుందంటే, చేప దగ్గరికొచ్చే చోటు కావాలి. అల్ ఖోర్ దాటాక మడచెట్లున్నాయని, ఆ పక్కన వాగులా లోపలికొచ్చిన నీళ్ళుంటాయని మల్లేశన్న చెప్పాడు. శుక్రవారం అతనికి సాయంత్రం దాకా సెలవు. బావ రానన్నారు. అక్క ఆయన చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికెళ్ళి పులిహోర సర్దుకుంది. ఆయన చెప్పులు వేసుకున్నారు.

దారంతా చదును. మా డెల్టాలో కూడా చదునే గాని కళ్ళకి పచ్చ తగులుతుంది. ఇక్కడ కళ్ళు ఆగడానికేమీ ఉండదు. గ్యాసు ఫ్యాక్టరీలుండే రాస్ లఫాన్ వైపు పోయే కంపెనీ బస్సులు పక్కనుంచి పోయాయి. కిటికీలకి తలలాన్చి నిద్రపోతున్న మనుషులు. శుక్రవారం కూడా డ్యూటీ ఉన్నవాళ్ళు. బావ వాళ్ళని చూస్తూ, "భుజం ఇలాగే ఉంటే నన్నెన్నాళ్ళు ఉంచుకుంటారో" అన్నారు. ఎవరితో అన్నారో తెలియదు.

"మాఫీ ముష్కిల్ అన్నా, ఏం ఫికర్ లేదు" అన్నాడు మల్లేశన్న. "సూపర్‌వైజర్‌కు భుజమెందుకు? నోరుంటే సాలు."

బావ నవ్వలేదు.

వాగు నోటి దగ్గర

మడచెట్లు చూసేసరికి కోరంగి వైపు వచ్చినట్టే అనిపించింది. అదే పొట్టి చెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్ళు. బురద వాసన కూడా అదే. చెట్ల మధ్యలో గేలాలు వెయ్యకూడదు. అందరూ వేసేది బయట, రాళ్ళున్న చోట. మేమూ అక్కడే ఆగాం. పోటు వస్తోంది.

మల్లేశన్న రొయ్యముక్క గుచ్చి చేతిదారం వదిలాడు. మేం చెప్పులు విప్పేలోపు ఒక చేప తీశాడు.

బావ రాయి మీద కూర్చున్నారు. కర్ర ముట్టుకోలేదు. నేనే తెల్ల ఎర కట్టి, తడిపి, కింద నుంచి ఊపి వదిలాను. పక్కకి పోయి రాయికి కొట్టుకుంది. మళ్ళీ వదిలాను. నా మోకాలికే తగిలింది. మళ్ళీ. ఎండ నెత్తి మీదికొచ్చింది. తలనొప్పి మొదలైంది. పట్టుకున్నవాళ్ళు పట్టుకుంటున్నారు, వెళ్ళిపోయేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. తెల్లవి మూడు మార్చాను. దేన్నీ ఏదీ ముట్టుకోలేదు. ఇంత దూరం డబ్బా మోసుకొచ్చి చేస్తున్నది ఇదా అనిపించింది. కూర్చోవాలనిపించింది. కూర్చుంటే ఆయన లేచి "పదండి ఇంక" అంటారు. అందుకని కూర్చోలేదు. నల్లది తీసి కట్టాను.

"ఎడంచేత్తో ఎరని పట్టుకో" అన్నారు వెనక నుంచి బావ.

పట్టుకున్నాను.

"అంత గట్టిగా కాదు. కర్ర కొస కిందికి దించు. వదిలేటప్పుడు కొస ఎత్తాలి, చెయ్యి కాదు. మణికట్టు. అది కాదమ్మా. అబ్బ, అది కాదు."

ఇంకొకసారి వేశాను. ఇంకా హీనంగా పడింది. ఆయన లేచొచ్చి కర్ర తీసుకున్నారు. కుడి మోచెయ్యి డొక్కకి ఆనించి, ఎడమచేత్తో తడి ఎరని పట్టుకుని, ఊపి వదిలారు. ఎర నీళ్ళకి జానెడు ఎత్తులో పాక్కుంటూ పోయి, రాళ్ళ అంచున చప్పుడు లేకుండా దిగింది. భుజం కదల్లేదు. ఆయన కూడా దాన్ని గమనించినట్టున్నారు. తన భుజం వైపే చూసుకున్నారు.

తర్వాత అదే పని. వేయడం, కాసేపు వదిలెయ్యడం, రెండు చుట్లు చుట్టడం, మళ్ళీ వదిలెయ్యడం. నీళ్ళు పలచగా ఉన్న చోట ఎర కనిపించేది. ఆగినప్పుడు ఆ నలుపు విచ్చుకుని, లాగినప్పుడు సన్నబడేది. నా తల మీద ఎప్పుడూ అంత ఒత్తుగా కనిపించలేదది.

అక్క పులిహోర పొట్లాలు విప్పుతుండగా కర్ర వంగింది.

"అన్నా, రాళ్ళల్ల జొర్రుతది, గుంజు గుంజు" అన్నాడు మల్లేశన్న తన దారం వదిలేసి వస్తూ.

గుంజడానికే కదా భుజం లేనిది. బావ కర్ర పిడిని చంకలో బిగించుకుని, మనిషి మొత్తంగా వెనక్కి నడవడం మొదలుపెట్టారు. రాళ్ళ మీద పాదం చూసుకోకుండా. అక్క వెనక నిలబడి రెండు చేతులూ ఆయన నడుముకి ఆనించింది, పడకుండా. మల్లేశన్న ప్యాంటు తడవగా నీళ్ళలో దిగి రెండు చేతులతో పైకెత్తాడు. గోధుమరంగు, ఒళ్ళంతా నారింజ చుక్కలు. ఇక్కడివాళ్ళు హమూర్ అంటారు. చిన్నది. మల్లేశన్న అరచేతికి అటో వేలు ఇటో వేలు బయటికుంది.

ఎర దాని దవడ పక్కన ఉంది. బావ ముల్లు తీసి, చేపని నీళ్ళలో ఆనించి, అది తోక ఆడించేదాకా పట్టుకుని, వదిలేశారు.

"ఓర్నీ. గింత దూరమొచ్చి ఇడిసిపెట్టినవా?" అన్నాడు మల్లేశన్న. "అక్కా, జర నువ్వన్న చెప్పరాదె."

"పిల్లది కదండీ మల్లేశుగారూ" అంది అక్క. కళ్ళు తుడుచుకుంటోంది. కారం అంది. అక్క పులిహోరలో అంత కారం ఉండదు.

"మేక మంచిగ నల్లగున్నది చెల్లె" అన్నాడు మల్లేశన్న ఎర తడిమి. "మా దిక్కు మేకలకు గిట్ల ఉండది."

నేను నీళ్ళ సీసా కోసం వంగాను.

బావ ఎరని ఎండకి పెట్టి చూస్తున్నారు. చేప పళ్ళకి తెగిన వెంట్రుకలు కొన్ని ఎర చివర వేలాడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి, వేలికి చుట్టచుట్టి, ఒక రాయి ఎత్తి దాని కింద పెట్టారు. రాయి మళ్ళీ జాగ్రత్తగా దించారు. నీళ్ళలో చెత్త వెయ్యకూడదని అనుకుని ఉంటారు అనుకున్నాను. తర్వాత వచ్చి ఎడమచేత్తోనే, చెంచా లేకుండా, పులిహోర తిన్నారు.

శనివారం

జున్ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పి, అక్కకి ఒక కవరులో మామిడిపళ్ళు ఇచ్చాడు. వాళ్ళ దగ్గర కూడా ఉత్తచేతులతో రారట. బావ తెర జరిపి పొడుగు కర్రలు రెండూ బయటికి తీసిచ్చారు. జున్ మూడోదాని వైపు చూశాడు.

"ఆ పొట్టిది బ్రదర్?"

"అది ఉంటుంది" అన్నారు బావ.

జున్ పొడుగువి రెండూ భుజానికెత్తుకున్నాడు. "ఓకే బ్రదర్. ఫ్రైడే ఫోన్ చెయ్యి, నేనూ వస్తా" అన్నాడు. అతను వెళ్ళాక బావ సోఫాలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. భుజం నిన్నటి నడకకి పొద్దున్నుంచీ నొప్పెడుతూనే ఉంది. అక్క వేడినీళ్ళ సంచి తెచ్చింది. తెర మాత్రం మళ్ళీ మూయలేదు.

తిరుగు ప్రయాణం

మిగతా రోజులు అందరూ చూసేవే చూశాను. పెద్ద మాల్స్, సముద్రపు గట్టున అద్దాల మేడలు. కాళ్ళు నొప్పెట్టాయి. డైరీలో వాటి గురించి పెద్దగా ఏమీ లేదు. ఒక శుక్రవారం జున్, బావ, మల్లేశన్న మళ్ళీ అల్ ఖోర్ వెళ్ళారు. ఏమీ పడలేదు. బావ ఎండకి మాడి, ఆకలేస్తోందంటూ వచ్చారు.

నన్ను దింపడానికి విమానాశ్రయానికి బావ కూడా వచ్చారు. పెట్టె మల్లేశన్న మోశాడు. అక్క జంతికల డబ్బా, కుంకుమపువ్వు, అమ్మకి మోకాళ్ళ నూనె, ఏదో ఒకటి చివరిదాకా సంచిలో కుక్కుతూనే ఉంది. లోపలికి వెళ్ళే ముందు తలుపు దగ్గర బావ ఒక్కరే నా పక్కకొచ్చారు. బయట బళ్ళ చప్పుడుకి కాస్త వంగి, అక్కకి వినపడనంత నెమ్మదిగా అన్నారు.

"తెల్లవి ఇంకో నాలుగు కట్టి పంపు చిట్టీ. నల్లవి ఇంక వద్దమ్మా. జుట్టు పెరగనీ."